మంట లోపలి లెక్క: బొగ్గు బాయిలర్లలో గణన ద్రవగతి శాస్త్రం

కట్టెల పొయ్యి మీద వంట సాగిన ఇంట దహనశాస్త్రం కొత్త విద్య కాదు. కన్నడ సీమలో ‘ఒలె’ అన్నా, తమిళనాట ‘అడుప్పు’ అన్నా, మరాఠీలో ‘చూల్’ అన్నా, ఒడియాలో ‘చులి’ అన్నా పొయ్యి స్వభావం ఒక్కటే. కట్టెలను సందు లేకుండా ఇరికిస్తే నల్లని పొగ కమ్ముకుంటుంది. రెండు కట్టెలు వెనక్కి లాగి ఊదుగొట్టంతో ఊదితే అదే పొయ్యి భగ్గున మండుతుంది. కట్టె మారలేదు, గాలి చేరిన తీరు మారింది. అయితే ఎంత నేర్పుగా మండించినా తెల్లవారి ఎత్తిపోయవలసిన బూడిద మాత్రం ఉండనే ఉంటుంది. అది కట్టెతో వచ్చినది. పొయ్యి విడిచే వాటిలో కొన్ని మంట తీరును బట్టి పుడతాయి, కొన్ని ఇంధనంతోనే వస్తాయి. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే, పెద్ద పెద్ద బాయిలర్ల మంటను కంప్యూటర్ మీద లెక్క కట్టే ‘గణన ద్రవగతి శాస్త్రం’ ఏమి చేయగలదో, ఏమి చేయలేదో సులువుగా బోధపడుతుంది. ఇంజనీర్లు దీనిని సి.ఎఫ్.డి. అని పొట్టి పేరుతో పిలుస్తారు.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ బాయిలర్లు దూరపు సంగతి కాదు. రాయచూరు జిల్లా శక్తినగర్‌లో కృష్ణ ఒడ్డున నిర్మించిన ఉష్ణ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో మొదలైంది. ఏడు యూనిట్లు 210 మెగావాట్లవి, ఒకటి 250 మెగావాట్లది, మొత్తం 1720 మెగావాట్లు. బళ్ళారి పక్కన కుడితినిలో మరొక కేంద్రం, మహారాష్ట్రలో చంద్రపూర్ కేంద్రం, మద్రాసుకు ఉత్తరాన అత్తిపట్టు కేంద్రం ఉన్నాయి. తెలంగాణలోని సింగరేణి బొగ్గు రాయచూరు బాయిలర్లలో మండి కర్ణాటక ఊళ్ళకు వెలుగునిస్తున్నది. ఆ బూడిదా పొగా మాత్రం కృష్ణకు ఈ ఒడ్డు, ఆ ఒడ్డు అన్న తేడా చూడవు.

ఒక్క 210 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే గంటకు సుమారు 130 నుంచి 150 టన్నుల భారతీయ బొగ్గు కాలుతుంది. దానికి 700, 800 టన్నుల గాలి కావాలి. బొగ్గును ముద్దలుగా వేయరు, మిల్లులలో గోధుమపిండి కంటె మెత్తగా విసురుతారు. ఆ పొడిలో సుమారు 70 శాతం, మిల్లీమీటరులో పదమూడో వంతు కన్నులున్న జల్లెడ గుండా జారిపోవాలి. గాలితో కలిపి ఆ పొడిని పొయ్యిలోకి చిమ్ముతారు. భారతదేశంలో ఎక్కువగా కనిపించే బాయిలర్లలో ఈ చిమ్మే నోళ్ళు, అంటే బర్నర్లు, నాలుగు మూలల్లో ఉంటాయి. అవి సరిగా నడిమికి గురిపెట్టవు, నడుమ ఊహించుకున్న ఒక వలయాన్ని ఒరసుకుంటూ పోయేటట్లు గురిపెడతాయి. నాలుగు వైపుల నుంచి వచ్చిన ధారలు కలిసి సుడి తిరిగి, పది అంతస్తుల మేడను మించిన ఎత్తున్న పెట్టెలో అగ్నిగోళంగా లేస్తాయి. గోడల నిండా నీటి గొట్టాలు. మంట నడుమ వేడి 1400, 1500 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది.

ఇంత పెద్ద మంటను మండించేవారికే అది లోపల ఎలా ఉన్నదో కనపడదు. గోడలో అక్కడక్కడ చూపు రంధ్రాలుంటాయి. నల్ల అద్దంలోంచి చూస్తే తెల్లని మెరుపు తప్ప వివరం తెలియదు. మామూలు ఉష్ణమాపకాలు ఆ వేడికీ, బూడిద ఒరిపిడికీ నిలువవు. నీటితో చల్లబరిచే పొడవాటి గొట్టాన్ని రంధ్రంలో దూర్చి వాయువును పీల్చి కొలిచే పద్ధతి ఉన్నా, అది గోడ నుంచి కొన్ని మీటర్ల మేర మాత్రమే చేరుతుంది. చిమ్నీకి పోయే దారిలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో, ఆవిరి ఎంత వేడెక్కిందో తెలుస్తుంది గాని, నడిమి సుడిలో ఏమి జరిగిందో తెలియదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడవచ్చు, పొయ్యి లోపలి గాలిని పట్టి చూడలేరు. కనుకనే లెక్క అవసరమైంది.

ఆ లెక్కకు మూలం వరిమడి లెక్క వంటిదే. పై మడి నుంచి ఒక మడిలోకి ఎంత నీరు వచ్చిందో, కింది మడిలోకి పోయినదీ, ఇంకినదీ, నిలిచినదీ కలిపి అంతే ఉండాలి. నీరు మాయం కాదు, ఊరకనే పుట్టదు. బాయిలర్ పొయ్యి లోపలి ఖాళీని కంప్యూటర్ లక్షలాది చిన్న గడులుగా విభజిస్తుంది. ప్రతి గడికీ ఇదే పద్దు రాస్తుంది. వచ్చిన గాలి ఎంత, పోయినది ఎంత, తోపు ఎంత, వేడి ఎంత, ప్రాణవాయువు ఎంత, బొగ్గు వాయువు ఎంత. గాలి కదలికకు సంబంధించిన సూత్రాలు కొత్తవి కావు. ఫ్రాన్సుకు చెందిన నేవియర్ 1822లోనూ, బ్రిటన్‌లో స్టోక్స్ 1845లోనూ వాటిని రూపొందించారు. వాటిని నిజమైన పొయ్యికి వర్తింపజేసి సమాధానం రాబట్టడమే కాగితం మీద సాధ్యం కాలేదు.

చిక్కు ఏమిటంటే, గాలిని తోసేది పీడనం. కాని ఏ గడిలో పీడనం ఎంతో ముందుగా తెలియదు. దానిని చెప్పే నేరు సూత్రమూ లేదు. 1972లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో బ్రయన్ స్పాల్డింగ్, సుహాస్ పటాంకర్ ప్రకటించిన ‘సింపుల్’ అనే పద్ధతి ఈ ముడి విప్పింది. పటాంకర్ పూణెలో ఇంజనీరింగు చదివి, బొంబాయి ఐ.ఐ.టి. మీదుగా లండన్ చేరినవారు. ముందు పీడనాన్ని ఊహించాలి. ఆ ఊహతో వేగాలు కట్టాలి. ఏ గడిలోనైనా వచ్చిన గాలికీ పోయిన గాలికీ పొంతన కుదరకపోతే, కుదరని మేరకు పీడనాన్ని సవరించాలి. మళ్ళీ కట్టాలి. కాలువ మీద నీరుకట్టు మనిషి తూము తలుపును కొద్దిగా ఎత్తి, చివరి పొలం దాకా నడిచి చూసి, తిరిగి వచ్చి మరికాస్త దించినట్లు ఉంటుంది ఈ పని. అతడు నాలుగు సార్లు తిరిగితే, కంప్యూటర్ వేల సార్లు తిరుగుతుంది. పటాంకర్ 1980లో ప్రచురించిన పాఠ్యగ్రంథం ద్వారా ఈ విద్య ప్రపంచంలోని ఇంజనీరింగు కళాశాలలకు పాకింది.

గడి ఎంత చిన్నదిగా ఉండాలన్న ప్రశ్నలో ఈ శాస్త్రం బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి. పొడవు 10 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు, ఎత్తు 45 మీటర్లు గల పొయ్యి అనుకుంటే, పది సెంటీమీటర్ల గడులు 45 లక్షలు పడతాయి. మంచి కంప్యూటర్లు దానిని మోయగలవు. కాని మంటలో సుడులు పది సెంటీమీటర్ల దగ్గర ఆగవు. పెద్ద సుడిలో చిన్న సుడి, దానిలో మరింత చిన్న సుడి, మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటాయి. నిజంగా గాలి బొగ్గు ఆవిరితో కలిసేది ఆ చిన్న సుడులలోనే. ఆ కొలతకు గడులు చేస్తే వాటి సంఖ్య 45 కోట్ల కోట్లు అవుతుంది. ఆ పని పెట్టుకుంటే ఏ విద్యుత్ కేంద్రమూ జవాబు కోసం కాచుకొని ఉండలేదు.

అందుచేత చిన్న సుడులను ఒక్కొక్కటిగా లెక్కించక, వాటి సగటు ప్రభావాన్ని సూత్రంలో ఇముడుస్తారు. 1970 దశకంలో లాండర్, స్పాల్డింగ్ స్థిరపరచిన పద్ధతి ఇందులో ప్రసిద్ధమైనది. ఒక చోట సుడుల శక్తి ఎంత, ఆ శక్తి ఎంత త్వరగా అణగిపోతున్నది అన్న రెండు రాశులతో అది పని నడుపుతుంది. దానిలో ఐదు స్థిరాంకాలున్నాయి. అవి ప్రకృతి నియమాలు కావు, ప్రయోగాలకు సరిపోయేటట్లు ఎంచుకున్న అంకెలు. గొట్టంలో నేరుగా సాగే ప్రవాహానికి చక్కగా కుదిరే ఈ పద్ధతి బలంగా సుడి తిరిగే ప్రవాహం దగ్గర తడబడుతుంది. మూలల నుంచి మండించే బాయిలర్‌లో ఉన్నది సరిగ్గా ఆ సుడి ప్రవాహమే. ఇందుకు మెరుగైన పద్ధతులు వచ్చాయి గాని, కాలమూ ఖర్చూ పెరుగుతాయి. రంగురంగుల చిత్రాన్ని చూసి ‘ఇదే మంట’ అని నమ్మేయకూడదని అనుభవజ్ఞులైన ఇంజనీర్లు హెచ్చరించేది ఇందుకే.

గాలి లెక్క అయిన తరువాత బొగ్గు లెక్క. కంప్యూటర్ వేలకొద్దీ బొగ్గు రేణువులను గాలిలోకి వదలి ఒక్కొక్క దాని ప్రయాణాన్ని వెంబడిస్తుంది. రేణువు లోపలికి రాగానే తడి ఆరిపోతుంది. వెంటనే, సెకనులో చిన్న భాగంలోనే, లోపలి మండే వాయువులు బయటికి తన్నుకొని వచ్చి అంటుకుంటాయి. మిగిలిన బొగ్గు పెంకు మాత్రం నిదానంగా, సెకను దాకా లేక అంతకు మించి కాలుతుంది. పొయ్యిలో వాయువు నిలిచేది కొద్ది సెకన్లే. ఆ లోపల పెంకు కాలకపోతే మిగిలిన బొగ్గు బూడిదతో పాటు బయటికి పోతుంది, డబ్బు చెరువులో పోసినట్లే. ఇక వేడి గోడలకు చేరే తీరు. పొయ్యి ముందు కూర్చున్నవారి మొగానికి తగిలే సెగ వలెనే, బాయిలర్ గోడలకు చేరే వేడిలో అత్యధిక భాగం సెగ రూపంలోనే, అంటే వికిరణం ద్వారానే చేరుతుంది. ప్రతి గడి మిగతా గడులన్నిటికీ సెగ పంపుతుంది, పుచ్చుకుంటుంది. ఈ పద్దు కూడా రాయాలి.

ఇన్ని లెక్కలతో సాధించేది ఏమిటి? మొదట చెప్పుకోవలసినది నత్రజని ఆక్సైడ్ల సంగతి, ఎందుకంటే అవి మంటలో పుట్టేవి. బొగ్గులో కొద్దిగా నత్రజని ఉంటుంది, గాలిలో ఎలాగూ ఉన్నది. బొగ్గు వాయువులు అంటుకునే చోట ప్రాణవాయువు మెండుగా ఉంటే బొగ్గులోని నత్రజని ఆక్సైడుగా మారుతుంది. బొగ్గు బాయిలర్లలో పుట్టే ఆక్సైడ్లలో పెద్ద పాలు ఇదే. వేడి 1500 డిగ్రీలు దాటిన చోట గాలిలోని నత్రజని కూడా కలుస్తుంది. ఈ వాయువు ఊపిరితిత్తులను బాధిస్తుంది, ఎండలో ఓజోన్‌గా పరిణమించి పైరు ఆకులకు చేటు చేస్తుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో దీనికి పరిమితులు విధించింది. 2003 చివరికి ముందు స్థాపించిన యూనిట్లకు ఘనపు మీటరు పొగలో 600 మిల్లీగ్రాములు, ఆ తరువాత 2016 దాకా వచ్చిన వాటికి 300, 2017 నుంచి వచ్చిన వాటికి 100. నడుమనున్న 300 పరిమితిని 2020లో 450కి సడలించారు.

ఈ వాయువును తగ్గించే ఉపాయం వంటింటి ఉపాయానికి తలకిందులుగా ఉంటుంది. బర్నర్ల దగ్గర గాలిని కొంత బిగపట్టాలి. మొత్తం గాలిలో 15, 20 శాతాన్ని అక్కడ ఇవ్వక, బర్నర్లకు పైన వేరే ద్వారాల గుండా వదలాలి. కింద ప్రాణవాయువు కొరవడడంతో నత్రజని ఆక్సైడు కాక, మామూలు నత్రజనిగానే మిగిలిపోతుంది. పైన వచ్చిన గాలి మిగిలిన బొగ్గును కాల్చివేస్తుంది. చెప్పినంత తేలిక కాదు. పై గాలి నడిమి దాకా చొచ్చుకొని పోకపోతే కార్బన్ మోనాక్సైడు, కాలని బొగ్గు మిగులుతాయి. కింద మరీ బిగపడితే గోడ గొట్టాలు తుప్పు పట్టి పలుచనవుతాయి, కరిగిన బూడిద గోడలకు అంటుకుంటుంది. ద్వారాలు ఎంత ఎత్తున ఉండాలి, ఎన్ని ఉండాలి, గాలి ఏ వేగంతో రావాలి? నిజమైన బాయిలర్‌లో ఒక ప్రయత్నం చేయాలంటే యూనిట్‌ను ఆపి, గోడ గొట్టాలను కోసి, వంచి, అతకాలి. కంప్యూటర్ మీద పది అమరికలను పరీక్షించి, ఒకదానిని ఎంచుకొని, ఆ ఒక్కదానికే ఉక్కు కోయవచ్చు. ఈ శాస్త్రం అసలైన లాభం ఇక్కడే ఉన్నది.

రెండవ ఉపయోగం గొట్టాల ఆయుష్షు. నాలుగు మూలల మంట పైకి లేచినా సుడి పూర్తిగా అణగదు. పొయ్యి పైభాగంలో ఒక ప్రక్క వాయువు వేగంగా, వేడిగా, మరొక ప్రక్క నెమ్మదిగా పోతుంది. వేడి ప్రక్కనున్న ఆవిరి గొట్టాలు ముందుగా పగులుతాయి. పై గాలి ద్వారాలను సుడికి ఎదురుగా కొద్దిగా తిప్పితే ఈ అసమానత తగ్గుతుందని లెక్కలు చూపాయి. భారతీయ బొగ్గుకు మరొక బెడద ఉన్నది. దాని బూడిదలో గరుకైన ఇసుక పదార్థం ఎక్కువ. వాయువు వేగం రెట్టింపైతే గొట్టాల కోత సుమారు ఎనిమిది రెట్లవుతుంది. వేగం ఎక్కడ పెరుగుతున్నదో లెక్కలో కనిపెట్టి అక్కడ అడ్డుపలకలు పెడతారు. గొట్టం పగిలితే యూనిట్ ఆగుతుంది, ఊళ్ళో కరెంటు పోతుంది. కాబట్టి ఇది పుస్తకాల ముచ్చట కాదు.

ఇక చేయలేనివి. బొగ్గులో నూటికి 35, 40 పాళ్ళు బూడిద ఉంటే, మంటను ఎలా అమర్చినా ఆ బూడిద బయటికి రావలసిందే. ఆ లెక్కన పైన చెప్పిన ఒక్క యూనిట్ నుంచే గంటకు 50 టన్నుల దాకా వస్తుంది. దానిని పట్టేవి విద్యుత్ అవక్షేపక యంత్రాలు. నిలువ చేసేవి బూడిద చెరువులు. గంధకం కూడా అంతే. భారతీయ బొగ్గులో అది అర శాతం పరిసరాల్లో ఉన్నా, ఉన్నదంతా దాదాపుగా వాయువై పోతుంది. దానిని చిమ్నీకి ముందు సున్నపురాతి నీటితో కడగాలే తప్ప మంటలో సవరించలేరు. ఆ కడిగే యంత్రాంగం నుంచి 2025 జూలైలో కేంద్రం దేశంలోని అధిక సంఖ్యాక కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. పెద్ద నగరాలకు, తీవ్ర కాలుష్య ప్రాంతాలకు దూరంగా ఉన్న కేంద్రాలే ఈ మినహాయింపులో ఎక్కువ. పల్లెల ప్రక్కనున్నవి సహజంగా వాటిలోకే వస్తాయి. ‘దహనాన్ని ఆధునికం చేశాము’ అన్న మాట వినబడినప్పుడు అది నత్రజని ఆక్సైడ్లకూ కాలని బొగ్గుకూ వర్తిస్తుందే గాని, బట్టలు ఆరవేసిన తీగ మీద పడే బూడిదకు వర్తించదు.

లెక్కను ఎప్పుడు నమ్మవచ్చు? దీనికి లండన్‌లో జరిగిన ఒక దుర్ఘటన మంచి ఉదాహరణ. 1987 నవంబరు 18న కింగ్స్ క్రాస్ భూగర్భ రైలు స్టేషన్‌లో కొయ్య ఎస్కలేటర్ అంటుకొని 31 మంది మరణించారు. చిన్న మంట క్షణాల్లో మెట్ల పైనున్న హాలును ఎలా ముంచెత్తిందో ఎవరికీ అంతుబట్టలేదు. హార్వెల్ పరిశోధన కేంద్రంవారు సి.ఎఫ్.డి. లెక్క కడితే, మంట పైకి లేవక 30 డిగ్రీల వాలున్న మెట్ల తొట్టిలోనే పడుకొని పైకి పాకుతున్నట్లు కనిపించింది. పొరపాటు లెక్క అని నిపుణులే సందేహించారు. తరువాత బక్స్‌టన్‌లో మూడో వంతు కొలతతో నమూనా కట్టి నిప్పంటిస్తే మంట సరిగ్గా అలాగే పడుకున్నది. లెక్కకు గౌరవం వచ్చింది చిత్రం బాగున్నందువల్ల కాదు, నిప్పు దానికి సాక్ష్యం చెప్పినందువల్ల.

బాయిలర్ లెక్కకు కూడా సాక్ష్యం కావాలి. చూపు రంధ్రాల దగ్గర కొలిచిన వేడి, దారి చివర మిగిలిన ప్రాణవాయువు, బూడిదలో కాలని బొగ్గు శాతం, వీటితో లెక్క సరిపోవాలి. అంతకంటె ముఖ్యం ఏ బొగ్గుకు లెక్క కట్టారన్నది. కాగితాల్లో ఒక గని బొగ్గు, రైలు పెట్టెల్లో మరొక గని బొగ్గు వచ్చే దేశం ఇది. తేమ, బూడిద, మండే వాయువుల పాలు మారితే మంట అంటుకునే చోటే మారుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ సభలలో చూపే కంప్యూటర్ పటాలు సాధారణంగా ఈ లెక్కకు చెందినవి కావని కూడా తెలియాలి. అవి చిమ్నీ దాటిన పొగ గాలివాటున ఏ ఊరి మీద ఎంత పడుతుందో అంచనా వేసే వేరొక పద్ధతివి. 210 మెగావాట్ల యూనిట్ల చిమ్నీలు 220 మీటర్లు, 500 మెగావాట్లవైతే 275 మీటర్లు ఉండేది పొగను దూరంగా పలుచగా పరచడానికి, తగ్గించడానికి కాదు. ఆ సభలలో ఊరివారు అడగదగిన ప్రశ్నలు తేలికైనవే. లెక్క ఏ బొగ్గుకు కట్టారు, ఎన్ని మెగావాట్ల దగ్గర కట్టారు, కట్టిన తరువాత కొలిచి చూశారా? ఊరి పిల్లలే ఇంజనీరింగు చదువుతుంటే ఈ లెక్కను ఇంట్లోనే చిన్న పొయ్యికి కట్టి చూడవచ్చు. ‘ఓపెన్‌ఫోమ్’ అనే సాఫ్ట్‌వేర్ 2004 నుంచి ఉచితంగానే లభిస్తున్నది. దహన పరిశోధనకు మద్రాసు ఐ.ఐ.టి.లో జాతీయ కేంద్రమూ ఉన్నది.

ఎన్ని మెగావాట్ల దగ్గర అన్న ప్రశ్నకు నానాటికీ ప్రాధాన్యం పెరుగుతున్నది. తుమకూరు జిల్లాలో, తెలుగు మాట నిత్యం వినబడే పావగడలో, 2050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రం ఉన్నది. ఇటువంటి వాటి నుంచి పగలు కరెంటు వెల్లువెత్తే కొద్దీ బొగ్గు యూనిట్లు మధ్యాహ్నం తగ్గి, సాయంత్రం మళ్ళీ పెరగవలసి వస్తున్నది. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నియమాల ప్రకారం అవి మొదట 55 శాతానికి, దశలవారీగా 40 శాతానికి దిగి నడవగలగాలి. నిండు మంటకు రూపొందించిన పొయ్యిలో సగం మంట నిలకడగా ఉండదు. కొన్ని బర్నర్లు ఆపివేస్తే సుడి బలహీనపడుతుంది, మంట ఒక ప్రక్కకు ఒరుగుతుంది, ఆరిపోకుండా ఖరీదైన నూనెను తోడు మండించవలసి వస్తుంది. బొగ్గు పాలుకు గాలి ఎక్కువవుతుంది కాబట్టి నత్రజని ఆక్సైడ్ల మోతాదూ పెరగవచ్చు. ఏ వరుస బర్నర్లను ఆపాలి, గాలిని ఎక్కడ మూయాలి అన్నది ఒక్కొక్క బాయిలర్‌కు విడివిడిగా తేల్చవలసినది. నిండు లోడుకు కట్టిన పాత లెక్కలు దీనికి పనికిరావు, మళ్ళీ కట్టాలి, మళ్ళీ కొలవాలి.